బరువెరుగని బిందువు – జోసెఫ్ ప్లాటో జీవితం

బెల్జియం దేశంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యులుగా ఉండిన జోసెఫ్ ఆంత్వాన్ ఫెర్డినాండ్ ప్లాటో 1843వ సంవత్సరంలో పూర్తిగా చూపు కోల్పోయారు. ద్రవాన్ని గురుత్వాకర్షణ ప్రభావం నుండి తప్పించి, దాని సహజరూపమేదో పరిశీలించిన ఆయన తొలి పరిశోధన పత్రం అచ్చయినది కూడ ఆ సంవత్సరమే. అటుపిమ్మట ఆయన నలభై సంవత్సరాలు జీవించారు. ఆ నలభై సంవత్సరాలలో ఒక్క బిందువునైనా కంటితో చూడలేదు. అయినప్పటికీ, బరువు లేని స్థితిలో ద్రవం రెండు ఘనపదార్థాల నడుమ ఎట్లా నిలుస్తుందో, ఎంతవరకు నిలుస్తుందో, ఎప్పుడు తెగిపోతుందో లోకానికి ప్రయోగపూర్వకంగా తెలిపినది ఆయనే. మానవుడు అంతరిక్షానికి వెళ్ళడానికి నూరేండ్లకు పైగా ముందే ఈ పని జరిగింది.

ఈ పేరు వినగానే గ్రీకు తత్త్వవేత్త ప్లేటో స్ఫురించడం సహజం. ఆయనకూ ఈయనకూ రెండువేల ఏండ్లకు పైబడిన దూరమున్నది. మన పాఠ్యగ్రంథాలలో తలతన్యత అనే అధ్యాయం ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివే మన మిత్రులు దానినే సతహీ తనావ్ అంటారు. కేశనాళికలో నీరు పైకెక్కడం, స్పర్శకోణం, సబ్బుబుడగలోని అధిక పీడనం, ఇవన్నీ ఆ అధ్యాయంలో కనిపిస్తాయి. ఈ విషయాన్ని ప్రయోగాల మీద ఒక శాస్త్రంగా నిలబెట్టిన ప్లాటో పేరు మాత్రం అందులో సాధారణంగా కనిపించదు. కనుక ఆయన జీవితాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసియున్నది.

ప్లాటో 1801 అక్టోబరు 14వ తేదీన బ్రస్సెల్స్ నగరంలో జన్మించారు. అప్పటికి బెల్జియం అనే స్వతంత్ర రాజ్యమే లేదు. ఆ ప్రాంతమంతా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. తండ్రి పుష్పాలను చిత్రించడంలో చేయితిరిగిన చిత్రకారుడు. కుమారుడు కూడ కుంచె పట్టాలన్నది ఆయన కోరిక. అందుకని బాలుని చిత్రకళాశాలలో చేర్పించారు. బాలుని మనస్సు మాత్రం భౌతికశాస్త్ర ప్రయోగాల వైపు మొగ్గింది. పద్నాలుగేండ్ల వయస్సు వచ్చేసరికి తల్లిదండ్రులిద్దరూ గతించారు. న్యాయవాదిగా ఉండిన మేనమామ పిల్లలను చేరదీశారు. తన మేనల్లుడు తన వృత్తినే చేపడితే బాగుండునని ఆయన తలంచారు. బ్రస్సెల్స్ ఉన్నత పాఠశాలలో అడాల్ఫ్ కెత్‌లే అనే యువ గణితశాస్త్రజ్ఞుడు ప్లాటోకు గురువుగా లభించారు. గణాంకశాస్త్రంలో తరువాత పేరు మోసిన కెత్‌లే ఈయనే. ఆ పరిచయంతో విద్యార్థి దారి తేలిపోయింది. మేనమామ కోరిక కొరకు 1822లో లీజ్ విశ్వవిద్యాలయంలో సాహిత్య, న్యాయ విభాగాలలో చేరినా, విజ్ఞానశాస్త్రాన్ని వదలలేదు. పోషణ కొరకు గణితం బోధిస్తూనే చదువు సాగించి, 1829లో భౌతిక, గణితశాస్త్రాలలో డాక్టరు పట్టం పొందారు.

ఆ పట్టం కొరకు వ్రాసిన సిద్ధాంతవ్యాసం ఇరవైయేడు పుటలు మాత్రమే. పుటల లెక్కతో పరిశోధనను కొలిచేవారు ఈ సంగతి గమనింపదగినది. అందులోని విషయం కన్ను. ఒక రంగు కంటిముందు నుండి తొలగిన తరువాత కూడ దాని ముద్ర నేత్రపటలం మీద కొంతసేపు నిలుస్తుంది. ఆ నిలకడ ఎంతసేపు, రంగును బట్టి ఎట్లా మారుతుంది అన్నది ఆయన కొలిచారు. సెకనులో సుమారు మూడవవంతు అని తేలింది. ఈ పరిశోధన నుండే 1832లో ఒక వింత పరికరం పుట్టింది. గుండ్రని అట్టమీద అంచువెంట ఒకే మనిషి కదలికలోని వివిధ దశలను వరుసగా చిత్రించి, మధ్య మధ్య సన్నని చీలికలు పెట్టి, అట్టను అద్దం ముందర త్రిప్పుతూ చీలికలలో నుండి చూచినట్లయితే, బొమ్మ ప్రాణం వచ్చినట్లు నర్తిస్తుంది. ఫెనాకిస్టిస్కోపు అని దీనికి పేరు. ఇంచుమించు అదే సమయంలో వియన్నాలో స్టాంప్ఫర్ అనే ఆచార్యుడు స్వతంత్రంగా ఇటువంటి దానినే తయారుచేశారు. నేడు మనం టాకీసులోనూ చరవాణి తెరమీదనూ చూచే కదిలే బొమ్మలన్నిటికీ ఈ అట్టచక్రమే తాతముత్తాత.

కంటిని పరిశోధించిన మనిషి కంటినే కోల్పోవడం గూర్చి ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. 1829లో ఆయన మధ్యాహ్న సూర్యుని వైపు ఇరవై ఐదు సెకన్లపాటు రెప్పవేయక చూచారట, దానివల్లనే అంధుడయ్యారట. సూర్యుని చూచినది నిజం. కొన్ని దినాలు చూపు మందగించినదీ నిజం. కాని అది తిరిగి వచ్చింది. ఆ తరువాత పన్నెండేండ్లపాటు ఆయన బోధించారు, ప్రయోగాలు చేశారు, 1835లో ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి చేపట్టారు, 1840లో వివాహం కూడ చేసుకొన్నారు. 1841లో కన్నులకు తీవ్రమైన వాపు సోకి, రెండేండ్లలో చూపు పూర్తిగా పోయింది. ఆ వ్యాధి లక్షణాలను పరిశీలించిన నేటి నేత్రవైద్యులు అది కంటిలోపలి పొరకు వచ్చిన దీర్ఘకాలిక శోథయే గాని సూర్యుని ఫలితం కాదని అభిప్రాయపడుతున్నారు. విజ్ఞానం కొరకు కన్నులు బలియిచ్చిన త్యాగి అన్న బిరుదు వినసొంపుగా ఉంటుంది; అందుకే ఆ కథ ఇంతకాలం బ్రతికింది. అయితే ఆయన గొప్పతనం చూపు పోయిన విధానంలో లేదు. పోయిన తరువాత చేసిన పనిలో ఉంది. సూర్యుని వైపు నేరుగా చూడరాదన్న హెచ్చరిక మాత్రం అందరికీ ఎప్పటికీ వర్తిస్తుంది.

ఇక ఆయన చేసిన పనిని తెలుసుకొనడానికి ముందు ఒక చిన్న ప్రశ్న. వానాకాలం ఉదయాన తామరాకు మీదనో చామాకు మీదనో నిలిచిన చిన్న చినుకు గుండ్రంగా ముత్యం వలె ఉంటుంది. అదే ఆకుపై దోసెడు నీరు పోస్తే పలుచగా పరుచుకొంటుంది. నీరు ఒకటే, ఆకు ఒకటే. రూపం ఎందుకు మారింది? ద్రవంలోపలి అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని దిక్కుల నుండి సమానంగా ఆకర్షిస్తాయి. ఉపరితలం మీది అణువుకు పైవైపు తోడు లేదు కనుక అది లోపలికే లాగబడుతుంది. అందువలన ద్రవపు ఉపరితలం బిగించిన పొర వలె ప్రవర్తించి, సాధ్యమైనంత తక్కువ వైశాల్యానికి ముడుచుకొనాలని చూస్తుంది. ఒక నిర్ణీత ఘనపరిమాణాన్ని అతితక్కువ వైశాల్యంతో కప్పగల రూపం గోళం. చినుకు గుండ్రంగా ఉండటానికి కారణం ఇదే. కాని చినుకు పెరిగినకొద్దీ దాని బరువు ఘనపరిమాణంతో పెరిగి, తలతన్యతను ఓడించి, దానిని అణగద్రొక్కుతుంది. నీటి విషయంలో ఈ రెండు బలాలు సరితూగే కొలత సుమారు 2.7 మిల్లీమీటర్లు. అంతకంటె చిన్న ప్రపంచంలో తలతన్యతదే రాజ్యం. అంతకంటె పెద్ద ప్రపంచంలో గురుత్వానిదే ఏలుబడి. శనిగరం చెరువు నీటికి తలతన్యత లేదా అంటే ఉంది; కాని ఆ చెరువులో దాని మాట వినేవారు లేరు.

తలతన్యత యొక్క నిజస్వరూపాన్ని పెద్ద పరిమాణంలో చూడవలెనంటే బరువును తొలగించాలి. భూమి మీద ఇది ఎట్లా సాధ్యం? ప్లాటో కనుగొన్న ఉపాయం ఎంత సులభమైనదంటే, అది మనకెందుకు తోచలేదని ఎవరికైనా అనిపిస్తుంది. ఆలివు నూనె నీటిపై తేలుతుంది, మద్యసారంలో మునుగుతుంది. నీటి సాంద్రత 1, మద్యసారం సాంద్రత సుమారు 0.79, నూనె సాంద్రత ఈ రెంటి మధ్య సుమారు 0.91. కనుక నీటిని, మద్యసారాన్ని తగిన పాళ్ళలో కలిపితే నూనెతో సమానమైన సాంద్రత గల మిశ్రమం లభిస్తుంది. అందులో విడిచిన నూనె తేలదు, మునుగదు. ఎక్కడ ఉంచితే అక్కడ నిలుస్తుంది. చుట్టూ ఉన్న ద్రవపు ఊర్ధ్వపీడనం నూనె బరువును సరిగ్గా మోస్తున్నది గనుక, ఆకారం నిర్ణయించే విషయంలో ఆ నూనెకు బరువు లేనట్లే. సహాయకుడొకడు ఇటువంటి మిశ్రమంలో నూనె ఒలకబోయగా ఆచార్యునికి ఈ ఆలోచన కలిగిందని ఒక కథ చెబుతారు. ఒలికిన నూనెను తుడిచివేయక నిలిచి చూడడమే అందులోని విశేషం. ఆ మిశ్రమంలో నూనె బిందువు కాదు, నూనె బంతి ఏర్పడింది. నారింజపండంత నూనె ముద్ద సంపూర్ణ గోళంగా గాజుపాత్ర నడుమ నిశ్చలంగా వ్రేలాడింది.

ఈ ప్రయోగానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. మన పల్లినూనె సాంద్రత కూడ ఇంచుమించు 0.91 మాత్రమే. కళాశాల ప్రయోగశాలలోని స్పిరిటు, ఒక గాజుపాత్ర, కొంత ఓపిక ఉన్నట్లయితే కోహెడలోనూ నూనె గోళాన్ని నిలుపవచ్చును. మంట దరిదాపుల్లో ఉండరాదు; అధ్యాపకులు దగ్గర ఉండాలి. ఓపిక అనే మాట ఊరక వ్రాయలేదు. గదిలో వేడి కొంచెం మారినా సాంద్రతలు మారి గోళం పైకో క్రిందికో జరిగిపోతుంది.

ప్లాటో మొదట ఈ గోళాన్ని త్రిప్పి చూచారు. నిలువుగా నిలిపిన సన్నని ఇరుసుకు చిన్న లోహచక్రం తగిలించి, దానిని గోళం నడుమ ఉంచి, మెల్లగా త్రిప్పారు. గోళం ధ్రువాల వద్ద అణగి, నడుము వద్ద ఉబ్బింది, భూగోళం వలెనే. వేగం పెంచగా నూనె ఇరుసును వదలి ఒక ఉంగరంగా విడివడింది. చూచినవారికి శనిగ్రహం స్ఫురించింది. ఆ ఉంగరం తెగి చిన్న చిన్న గోళాలై, ఒక్కొక్కటి తన చుట్టూ తాను తిరుగుతూ సాగింది. సూర్యుని చుట్టూ ఉండిన వాయురాశి నుండి గ్రహాలు పుట్టాయన్న లాప్లాస్ ఊహకు ఇది కంటికి కనబడే సాక్ష్యమని ఆ కాలంలో చాలామంది మురిసిపోయారు. ఇది తొందరపాటని ఈ రచయిత అభిప్రాయం. గ్రహాలను పట్టియుంచేది దూరవర్గానికి విలోమంగా తగ్గే గురుత్వాకర్షణ. నూనెను పట్టియుంచేది దాని పైపొరలోని బిగువు. రెండు వేరు బలాలు ఒకే రూపాన్ని చూపినంత మాత్రాన కారణం ఒకటి కాజాలదు.

అసలు ఘనత తరువాతి ప్రయోగాలలో ఉంది. ప్లాటో నూనె ముద్దను ఒంటరిగా వదలక, దానికి ఘనపదార్థాన్ని తోడిచ్చారు. సమానమైన రెండు లోహచక్రాలను ఒకదానిపైనొకటి, కొంత ఎడంగా నిలిపి, ముందుగా వాటికి నూనె పూసి, నడుమ నూనె ముద్దను చేర్చారు. నూనె రెండు చక్రాలను పట్టుకొని వాటి నడుమ ఒక సేతువు వలె నిలిచింది. చక్రాలను మెల్లగా దూరం జరిపితే, నూనె పరిమాణం సరిపోయినప్పుడు, ఆ సేతువు కుదురైన స్తంభాకారం ధరించింది. ఏ గోడలూ లేకుండా, రెండు పలకల నడుమ నిటారుగా నిలిచిన నూనె స్తంభమది. భూమి మీద గాలిలో వ్రేళ్ళ నడుమ నీటితో ఇటువంటి సేతువు కట్టబోతే కొద్ది మిల్లీమీటర్లలోనే తెగిపోతుంది. ఇక్కడ అంగుళాల పొడవున నిలిచింది.

అయితే ఎంత పొడవు వరకు? చక్రాలను ఇంకా జరుపుతూ పోగా, ఒక హద్దు దాటిన తరువాత స్తంభం ఎంత జాగ్రత్త పడినా నిలువలేదు. ఒకవైపు ఉబ్బి, మరొకవైపు సన్నగిలి, చివరకు నడుము తెగి రెండు ముద్దలైపోయింది. తెగిన చోట ఒక చిట్టి బిందువు మిగిలింది. స్తంభపు పొడవును దాని వ్యాసంతో భాగిస్తే ఆ హద్దు 3.13కు, 3.18కి మధ్య ఉన్నదని ప్లాటో కొలతలు చెప్పాయి. వృత్తపు చుట్టుకొలతకు వ్యాసానికి గల నిష్పత్తి 3.1416 అని మనమెరుగుదుము. అనగా ద్రవస్తంభం తన చుట్టుకొలత కంటె పొడవు పెరిగిన క్షణాన నిలకడ కోల్పోతుంది. కారణం కూడ స్పష్టమే. పొడవు హద్దులో ఉన్నంతవరకు ఏ చిన్న నొక్కు పడినా ఉపరితల వైశాల్యం పెరుగుతుంది కనుక ద్రవం తన స్తంభరూపానికే తిరిగి వస్తుంది. హద్దు దాటితే, ఒకచోట సన్నగిలి మరొకచోట ఉబ్బినప్పుడు మొత్తం వైశాల్యం తగ్గుతుంది. సన్నని మెడ వద్ద పీడనం ఎక్కువై ద్రవాన్ని ఉబ్బు వైపుకు నెట్టుతుంది. నెట్టినకొద్దీ మెడ మరింత సన్నబడుతుంది. ఆ పరుగుకు ఇక అడ్డు లేదు.

చూపు లేని మనిషి 3.13, 3.18 అని ఎట్లా చెప్పగలిగారు? ఈ ప్రశ్న వద్ద కొంతసేపు ఆగక తప్పదు. ప్రయోగం యావత్తు మొదట ఆయన మనస్సులో జరిగేది. చక్రం ఎంత ఉండాలి, నూనె ఎంత పోయాలి, ఏది ముందు ఏది వెనుక అన్నది ఒక్కొక్క మెట్టుగా నిర్దేశించేవారు. చేతులు, కన్నులు ఇతరులవి. విశ్వవిద్యాలయంలోని సహచరుడు దుప్రే, గణితజ్ఞుడు లామార్ల్, శిష్యుడు వాన్ డెర్ మెన్స్‌బ్రుగ్గే, ఇంట్లో భార్య, పెరిగిన తరువాత కుమారుడు ఫెలిక్స్, వీరందరూ వంతులవారీగా ఆయనకు చూపునిచ్చారు. వారు చూచినది చెబితే, ఆయన మళ్ళీ అడిగేవారు; ఏవైపు ముందుగా సన్నబడింది, ఎంతసేపటికి తెగింది, తెగినచోట ఏమి మిగిలింది. చూచే కన్ను తాను చూడాలనుకొన్నదానిని చూస్తుంది. చూడలేని మనిషి మాత్రం ప్రతిదీ అడిగి తెలుసుకొనక తప్పదు. ఆ కొలతలు అంత నిర్దుష్టంగా ఉండటానికి ఈ అడిగే పద్ధతి కొంతవరకు కారణమని మేమనుకొంటున్నాము. ఆ ఇంట్లో పరిశోధన ఒక్కరి పని కాదు. కుమారుడు తరువాతి కాలంలో జంతుశాస్త్రజ్ఞుడై ఘెంట్‌లోనే ఆచార్యుడయ్యారు. కుమార్తెను వాన్ డెర్ మెన్స్‌బ్రుగ్గే 1871లో వివాహమాడారు.

ఆ నూనె స్తంభపు నియమం ప్రయోగశాల దాటి చాలా దూరం ప్రయాణించింది. కుళాయి నుండి జారే సన్నని నీటిధార కొంతదూరం నున్నగా వచ్చి తరువాత ముత్యాల సరంగా విడిపోవడం మనం ప్రతినిత్యం చూస్తాము. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సవార్ 1833లో దీనిని పరిశీలించి వర్ణించారు. కారణం తెలిపినది ప్లాటో. జలధార కూడ ఒక పొడవైన ద్రవస్తంభమే. చుట్టుకొలతను మించిన పొడవు దానికున్నది కనుక అది బిందువులుగా తెగక తప్పదు. 1870ల చివర ఇంగ్లండులో లార్డ్ రేలీ ఈ విషయాన్ని గణితంతో ముందుకు తీసుకుపోయి, ఏ ఎడంలో తెగడం అన్నిటికంటె వేగంగా జరుగుతుందో లెక్క కట్టారు. నేడు కార్యాలయాలలో సిరాను బిందువులుగా చిమ్మి అచ్చువేసే యంత్రాలను రూపొందించేవారు ఈ లెక్కలనే ఆశ్రయిస్తారు.

ఇక అంతరిక్షం సంగతి. ప్లాటో పద్ధతిలో ఒక లోపమున్నది. నూనె చుట్టూ మరొక ద్రవమున్నందున నూనె కదలికను అది మందగింపజేస్తుంది. నిశ్చలరూపాలు నిజమైనవే గాని కదలికల వేగం నిజమైనది కాదు. ఏ ద్రవమూ చుట్టూ లేని భారరహిత స్థితి కక్ష్యలో తిరిగే నౌకలో లభిస్తుంది. 1973–74లో అమెరికా వారి స్కైలాబ్ కేంద్రంలో వ్యోమగాములు రెండు కడ్డీల నడుమ నీటి సేతువులు నిలిపి చూపారు. 1983 నవంబరు 28న బయలుదేరిన స్పేస్‌లాబ్–1 యాత్రలో ఐరోపా శాస్త్రజ్ఞులు ప్రత్యేక పరికరంలో రెండు చక్రాల నడుమ సిలికోన్ నూనె స్తంభాన్ని నిలిపి, సాగదీసి, త్రిప్పి, కదిలించి పరిశీలించారు. ప్లాటో మరణించిన సరిగ్గా నూరేండ్లకు ఆయన రెండు చక్రాలు, ఆయన నూనె స్తంభం భూమి చుట్టూ తిరిగినవన్నమాట. చక్రాల మధ్య ద్రవసేతువుపై శ్రద్ధకు పారిశ్రామిక కారణం కూడ ఉన్నది. సిలికాన్ స్ఫటికాలను శుద్ధిచేసే ఒక పద్ధతిలో కరిగిన భాగం రెండు ఘనభాగాల నడుమ ఇటువంటి సేతువుగానే నిలుస్తుంది. అది తెగితే స్ఫటికం చెడుతుంది.

మన ప్రాంతానికి ఈ లోకం మరీ దూరమైనది కాదు. 1984 ఏప్రిల్‌లో సాల్యూట్–7 కేంద్రంలో ఏడు దినాలకు పైగా గడిపిన రాకేశ్ శర్మ హైదరాబాదులో చదువుకొన్నవారు, నిజాం కళాశాల విద్యార్థి. 2021 నవంబరు నుండి 2022 మే వరకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండిన రాజా చారి తండ్రి హైదరాబాదు నుండి అమెరికాకు వెళ్ళినవారు. అక్కడ దాహం తీర్చుకొనడం కూడ తలతన్యతతో కూడిన పనే. గ్లాసు వంచితే నీరు జారదు. అందుకని 2008లో డాన్ పెటిట్ అనే వ్యోమగామి ఒక ప్లాస్టిక్ పలకను మడిచి, ఒక అంచు ఇరుకైన మూలగా ఉండేటట్లు కప్పు తయారుచేశారు. ద్రవం ఆ మూలవెంట తనంతట తానే పెదవి వరకు ప్రాకివచ్చింది. 2013లో క్రిస్ హాడ్‌ఫీల్డ్ తడిగుడ్డను పిండి చూపగా, నీరు క్రిందపడక గుడ్డచుట్టూ, చేతులచుట్టూ గాజుతొడుగు వలె అంటుకొని నిలిచింది.

ద్రవం మూలలవెంట ప్రాకడంలో ఒక ఖచ్చితమైన నియమమున్నది. 1969లో కాంకస్, ఫిన్ అనే గణితజ్ఞులు దానిని నిరూపించారు. రెండు ఘనతలాలు కలిసే కోణంలో సగానికి ద్రవపు స్పర్శకోణాన్ని కలుపగా వచ్చిన మొత్తం 90 డిగ్రీల కంటె తక్కువైతే, బరువు లేనిచోట ద్రవం ఆ మూలలో ఏ ఎత్తులోనూ ఆగదు. మూల ఉన్నంత పొడవునా సాగిపోతుంది. చతురస్రపు డబ్బా మూల 90 డిగ్రీలు, దానిలో సగం 45. స్పర్శకోణం 45 కంటె తక్కువున్న ద్రవమేదైనా ఆ డబ్బా మూలలను ఎక్కిపోతుంది. శ్రీహరికోట నుండి రాకెట్టు ఎగసినప్పుడు మనమంతా టీవీ ముందు చప్పట్లు చరుస్తాము. పైకి చేరిన ఉపగ్రహపు తొట్టిలో ఇంధనం అడుగున ఉండదన్న సంగతి మనకు తోచదు. అడుగు అనేదే అక్కడ లేదు. ఇంధనం గోడలకు అంటుకొని, నడుమ వాయువు బుడగగా నిలుస్తుంది. ఇంజనుకు ఇంధనానికి బదులు వాయువు అందితే ఉపగ్రహం దారితప్పుతుంది. కనుక అనేక ఉపగ్రహాల తొట్లలో సన్నని లోహపు రెక్కలను గోడకు దగ్గరగా అమర్చి, ఆ సందులవెంట ఇంధనం తనంతట తానే ద్వారం వద్దకు ప్రాకేటట్లు చేస్తారు. కదిలే భాగమొక్కటి కూడ లేని ఈ ఏర్పాటు దీపపు వత్తికి దూరపు బంధువు.

మళ్ళీ ఘెంట్‌కు వద్దాము. చక్రాల తరువాత ప్లాటో ఇనుప తీగలతో ఘనాకారపు చట్రం చేయించి, మిశ్రమంలో ముంచి, అందులో నూనె నింపారు. అదనపు నూనెను చిన్న పిచికారీతో మెల్లగా లాగివేయగా, ఆరు ముఖాలూ చదునైన నూనె ఘనం ఏర్పడింది. గోళమే సహజరూపమైన ద్రవం, పన్నెండు తీగల బలంతో పెట్టె వలె నిలిచింది. ఇంకా లాగివేయగా ముఖాలు లోపలికి వంగి, చివరకు పలుచని పొరలు మాత్రం మిగిలాయి. పొరలే కావలసినప్పుడు ఇంత శ్రమ ఎందుకు, సబ్బునీరు చాలునని ఆయనకు తోచింది. పలుచని సబ్బుపొరకు బరువు లెక్కలోనికి రానంత స్వల్పం. అది కూడ బరువెరుగని ద్రవమే. సబ్బుకు గ్లిజరిన్ కలిపి గంటల తరబడి నిలిచే పొరలు తయారు చేయించారు.

ఘనాకారపు చట్రాన్ని ముంచి తీస్తే పదమూడు పొరలు ఏర్పడతాయి. పన్నెండు అంచుల నుండి పన్నెండు, నడుమ ఒక చిన్న చతురస్రం. చతుర్ముఖి చట్రంలో ఆరు పొరలు కేంద్రంలో కలుస్తాయి. ఎన్ని చట్రాలు మార్చినా రెండు నియమాలు తప్పలేదు. ఒక గీతవెంట కలిసే పొరలు మూడే, వాటి మధ్య కోణం 120 డిగ్రీలు. ఒక బిందువు వద్ద కలిసే గీతలు నాలుగే, వాటి మధ్య కోణం సుమారు 109 డిగ్రీల 28 నిమిషాలు. ఇంట్లో కుంకుడుకాయల నురుగును పరకాయించి చూచినవారికి ఈ మూడు పొరల కూడలి తప్పక కనబడుతుంది. నాలుగు పొరలు ఒక గీతపై ఎన్నడూ నిలువవు. ఈ నియమాలకు గణిత నిరూపణ 1976లో మాత్రమే జీన్ టేలర్ అనే విదుషి వలన లభించింది. ఏ మూసిన తీగకైనా అతితక్కువ వైశాల్యం గల పొర ఒకటి ఉండి తీరుతుందా అన్న ప్రశ్న గణితంలో ప్లాటో సమస్య అన్న పేరుతో స్థిరపడింది. దానిని మొదట 1760లో ఎత్తినది లాగ్రాంజ్. సాధించినవారు 1930 ప్రాంతంలో డగ్లస్, రాడో. డగ్లస్‌కు 1936లో, తొలిసారిగా ఇచ్చిన ఫీల్డ్స్ పతకాలలో ఒకటి లభించింది.

తన పరిశోధనలన్నిటిని ప్లాటో 1873లో రెండు సంపుటాల ఫ్రెంచి గ్రంథంగా ప్రకటించారు. కేవలం అణుబలాలకు లోబడిన ద్రవాల స్థితిశాస్త్రం అన్నది దాని విషయం. వాక్యాలన్నీ ఆయన చెప్పగా ఇతరులు వ్రాసినవి. ఆ గ్రంథంలోని బొమ్మల్లో ఒక్కటైనా ఆయన చూడలేదు. దేశవిదేశాల విద్వత్పరిషత్తులు ఆయనను సభ్యునిగా గౌరవించాయి. 1870లో లండను రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వమిచ్చింది.

వార్ధక్యంలో ఆయన మరల తన యౌవనపు విషయానికే, కంటికే, వచ్చారు. దృష్టికి సంబంధించిన భ్రమలు, రంగుల ముద్రలు, వెలుగు చూచిన తరువాత కంటిలో మిగిలే ఛాయలు, వీటిపై ప్రాచీనకాలం నుండి వెలువడిన రచనలన్నిటిని చదివించుకొని, ఒక్కొక్కదాని సారాన్ని పొందుపరిచి, 1870లలో ఒక విపులమైన గ్రంథసూచి ప్రకటించారు. 1883 సెప్టెంబరు 15వ తేదీన ఘెంట్ నగరంలో, ఎనభై రెండవ ఏట, మరణించారు. ఆయన జీవితచరిత్రను అల్లుడు వాన్ డెర్ మెన్స్‌బ్రుగ్గే వ్రాశారు.